చందనం కింద దీపం

పోర్టు రోడ్డులో, దర్గాకొండకి దిగువన, ఒక పాత గోడౌను ఉంది. చీకటి పడ్డాక దాని ముందు ఆటో ఆపమంటే ఎవరూ ఆపరు. "ఎదర ఆపుతానండి, కొంచెం ఎనక్కి నడిసి ఎల్లిపోండి" అంటారు. బొగ్గు లారీల డ్రైవర్లు తూకం వేయించుకుని, చీటీ పుచ్చుకుని, బీడీ కూడా అక్కడ వెలిగించరు. గేటు దాటి నా జెరాక్స్ షాపు దాకా వచ్చి వెలిగిస్తారు.

దెయ్యం అనగానే మీరు ఏ పాడుబడ్డ నుయ్యో, కూలిన మేడో అనుకుంటారు. అదేం కాదు. అది గోడౌను వెనక సరుకు రవాణా కంపెనీ వాళ్ళు కట్టించుకున్న ఏసీ గది. నున్నటి టైల్స్, గాజు తలుపు, లోపల పక్కపక్కనే రెండు నల్లటి ఇనుప బీరువాలు. వాటిలో అరల నిండా సర్వర్లు. లారీ తూకం మీదికి ఎక్కితే, ఎంత బొగ్గు, ఎవరి బొగ్గు, ఏ ఓడలోంచి దిగింది... అన్నీ చూసుకునేది కుడి బీరువాలో నడిమి మెషిన్.

ఈ రోజుల్లో దెయ్యాలకి కూడా ఏసీ లేకపోతే పడదు కాబోలు.

ఈ కథ నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ నా షాపులో నిలబడే, గొంతు తగ్గించే చెప్పారు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు పూర్తిగా ఒప్పుకోలేదు. ముగ్గురూ ఒప్పుకున్నంత మేరకు మీకు చెబుతాను. మిగతా ఉప్పూ కారం నాది.

ఆ గదిని ఏళ్ళ తరబడి చూసుకున్నది గవర్రాజు గారు. బక్కపలచటి మనిషి, మాటకి ముందు వెటకారం. వయసులో ఉండగా లేత్ మెషిన్ మీద పనిచేస్తూ కుడిచేతి చూపుడువేలు కొస పోగొట్టుకున్నారు... గోరుతో సహా. ఆ మొండివేలితోనే సర్వర్ల మీటలు నొక్కేవారు. "గోరున్నోల్ల మాట మెసిన్లు ఇనవు" అని నవ్వేవారు.

మెషిన్ దీపాలతో మాట్లాడుతుందని ఆయన నమ్మకం. పచ్చదీపం వెలిగితే ఒంట్లో బాగుందని. నారింజ దీపం మిణుకుతుంటే లోపల ఏదో తేడా చేసిందని. దసరాకి ఆయుధపూజ చేసి అందరూ పసుపూ కుంకుమా పట్టుకుని వస్తే, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవారు.

"బొట్టు ఎట్టండి. కళ్ళ మీద ఎట్టకండి" అని, దీపాలు లేని చోటు తనే చూపించి పెట్టించేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ప్రతి మెషిన్‌కీ ముందువైపు కుడి చివర ఒక చిన్న మీట. అది నొక్కితే ఆ మెషిన్‌కి ముందూ వెనకా నీలం దీపం మిణుకుతుంది... 'నేనే, ఇక్కడున్నాను' అని చెప్పడానికి. బీరువా వెనక్కి వెళితే అన్ని మెషిన్లూ ఒకలాగే ఉంటాయి మరి. పైగా ముందునుంచి కుడిచేతి వైపు ఉన్న బీరువా, వెనక్కి వెళ్ళి చూస్తే ఎడమచేతి వైపుకి వస్తుంది. అందుకని గవర్రాజు గారు నీలం నొక్కకుండా ఎప్పుడూ వెనక్కి వెళ్ళేవారు కాదు.

కిందటేడు వానాకాలంలో ఒక ఆదివారం, తన ఇంట్లో, చేపల పులుసుతో తృప్తిగా భోంచేసి పడుకున్నారు. లేవలేదు. పోతే అలా పోవాలని మేమంతా అనుకున్నాం. నాకు ఏడుపు కూడా వచ్చింది, ఎందుకంటే నా షాపు మెషిన్ పాడైనప్పుడల్లా తిడుతూ తిడుతూ బాగుచేసేది ఆయనే.

అలా పోయిన మనిషి దెయ్యమయ్యే లెక్క లేదు. కానీ ఒక చావూ, ఒక తాళం వేసిన గదీ దొరికితే జనానికి ఇంకేం కావాలి?

ఆ దసరాకి గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. మేనేజరు మోహనకృష్ణ గారు సింహాచలం అప్పన్న భక్తుడు. ప్రతి శనివారం కొండకి వెళ్ళనిదే మంచినీళ్ళు ముట్టరు. పూజనాడు ఆయనే చందనం కలిపి, ఒక్కో మెషిన్‌కీ నిండు మనసుతో బొట్టు పెట్టారు. తూకం మెషిన్‌కి ఇంకాస్త ఎక్కువ భక్తితో పెట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మొదలైంది.

పగలంతా ఆ మెషిన్ బుద్ధిగా ఉండేది. రాత్రి బాగా పొద్దుపోయాక... ముందు సన్నగా, ఎక్కడో గోడ అవతల పసిబిడ్డ ఏడ్చినట్టు... తర్వాత పెద్దగా, ఆడమనిషి గుండెలు బాదుకున్నట్టు... ఆ తర్వాత గాజు తలుపు అదిరేంత ఊళ. ఆ ఊళ చప్పున ఆగిపోయేది. దాంతోపాటు గేటు దగ్గర తూకమూ ఆగిపోయేది. లారీలు కాన్వెంట్ జంక్షన్ దాకా బారులు తీరేవి.

రాత్రి వాచ్‌మన్ సిరాజ్. నన్ను బావా అని పిలుస్తాడు, నేనూ అలాగే పిలుస్తాను. ఒకప్పుడు చేపల బోటు మీద ఇంజిన్ పని చేసేవాడు. నడుం దెబ్బతిని చాలాకాలం ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం ఇది. భార్య ఖుష్నుమాకి నెలలు నిండుతున్నాయి. ఈ ఉద్యోగం పోతే ఆమె ముఖం ఎలా చూడాలో తెలీదని నా దగ్గర ఒకటి రెండు సార్లు అన్నాడు.

మోహనకృష్ణ గారు మొదట సిరాజ్‌నే అనుమానించారు.

"నువ్వే చల్లగా ఉందని లోపల దూరి పడుకుంటున్నావు. కాలో చెయ్యో తగిలి ఆగిపోతోంది" అన్నారు.

"నాను ఆ గుమ్మం తొక్కితే ఒట్టు సార్" అన్నాడు సిరాజ్. అది నిజమే. లోపలికి వెళ్ళేంత ధైర్యం వాడికి ఎప్పుడూ లేదు.

తర్వాత మేనేజరు గారు దెయ్యాన్ని అనుమానించారు. మనిషి, దెయ్యం, ఆఖరికి ఇంజినీరు. మనవాళ్ళ వరస ఎప్పుడూ అదే.

దెయ్యం మాట పుట్టగానే రక్షణలు మొదలయ్యాయి. మోహనకృష్ణ గారు శనివారం శనివారం కొండ నుంచి చందనం తెచ్చి, పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెట్టేవారు. అకౌంట్స్ చూసే రత్నమణి గారు రాస్ హిల్ చర్చి నుంచి మేరీమాత కేలండరు తెచ్చి, బీరువా అంచుకి టేపు అంటించి వేలాడదీశారు. సిరాజ్ వాళ్ళ అమ్మ మదీనా బీ దర్గాకొండ ఎక్కి తాయెత్తు తెచ్చింది. దాన్ని పచ్చదారంతో అదే బీరువాకి కట్టించారు. లోపలికి వెళ్ళి కట్టింది రత్నమణి గారే, సిరాజ్ గుమ్మంలోంచి చోటు చూపించాడు.

మూడు కొండల కాపలా ఆ బీరువాకి దొరికింది. అయినా ఊళ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. మందు వేసేకొద్దీ రోగం ముదిరినట్టయింది. పైగా ఇప్పుడు ఊళకి ముందు కొత్త చప్పుళ్ళు... టిక్, టిక్ అని ఎవరో ఇనుము మీద కొట్టడం, బట్ట ఈడ్చుకుంటూ నడవడం.

"గవర్రాజు గారే. కొత్తోల్లు మెసిన్లు ముట్టుకుంటే ఆయనకి గిట్టదు" అని గేటు దగ్గర తీర్పు ఇచ్చేశారు.

చివరికి ఒక పెద్ద ఓడ బొగ్గుతో వచ్చి ఆగింది. రాత్రీ పగలూ దించాలి. మోహనకృష్ణ గారు సిరాజ్‌ని పిలిచి, కళ్ళలోకి చూడకుండా చెప్పేశారు. "ఈ రాత్రి కూడా తూకం ఆగిందంటే, రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు. పైవాళ్ళకి నేను ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా."

దెయ్యం పేరు పైవాళ్ళకి రాయలేరు. వాచ్‌మన్ పేరు రాయొచ్చు.

అప్పుడు ఇంజినీరు వచ్చింది. పేరు అక్సా. గోపాలపట్నంలో మెషిన్లు బాగుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. కొత్తలో కొన్నాళ్ళు గవర్రాజు గారి దగ్గరే పని నేర్చుకుంది, ఆయన పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది. భయం తెలియని పిల్ల... బల్లి విషయంలో తప్ప.

ఆమె సంచీ దించుతుంటే మోహనకృష్ణ గారు తూకం మెషిన్‌కి అప్పుడే కలిపిన చందనంతో ఇంకో బొట్టు పెట్టారు. ఈసారి పాత బొట్టు మీద చోటు చాలక, కుడి చివర పెట్టారు. సరిగ్గా నీలం మీట మీద.

"సార్, ఇవన్నీ గోకాల్సి వస్తుందేమో" అంది అక్సా.

ఆయన కాసేపు నలిగిపోయారు. "పాతవి తీస్తే తియ్యమ్మా. ఇది ఒక్కటి ఉంచు. ఇప్పుడే పెట్టాను, తడి కూడా ఆరలేదు. దీని మీద చెయ్యి వెయ్యకు."

"అలాగే సార్" అంది. పెద్దాయన ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదట.

"నేను కార్లో ఉంటాను. అక్కడైతే ఫోన్ సిగ్నల్ బాగుంటుంది" అని ఆయన గేటు అవతలికి వెళ్ళిపోయారు. గేటు అవతల సిగ్నల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా ఫోన్ అక్కడ పలకనే పలకదు.

రాత్రి సాగింది. లారీలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఓడ ఒకటి గట్టిగా కూత పెట్టింది. అక్సా బీరువాల ముందు నేల మీద కూర్చుంది. సిరాజ్ టార్చి పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు.

"లోపలికి రా భాయ్. దగ్గరగా వెలుగు పట్టు."

"ఇక్కణ్ణించే పడతాను మేడమ్. ఎలుతురుకి గుమ్మం అడ్డమేటి?"

"అయితే పైన లైటు ఆర్పు. ఆ టార్చీ కూడా."

"ఆర్పడం దేనికి మేడమ్..."

"దీపాలు చూడాలంటే దీపం ఆర్పాలి. మా గవర్రాజు సార్ చెప్పేవారు."

"ఆ పేరు మాత్రం ఇక్కడ ఎత్తకండి... రాత్రి పూట."

లైటు ఆరింది.

చీకట్లో పచ్చటి చుక్కలు ఒక్కొక్కటీ కనిపించాయి. ఎడమ బీరువాలో పైన, మధ్యలో, కింద. కుడి బీరువాలో పైన, కింద. మధ్యలో మాత్రం ఏమీ లేదు. మెషిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దీపం మాత్రం లేదు... పచ్చదీ లేదు, నారింజదీ లేదు.

బతికున్న మెషిన్‌కి ఏదో ఒక దీపం ఉండి తీరాలి. అక్సాకి అక్కడే మొదటిసారి వెన్ను చల్లబడింది.

అప్పుడు గోడ దగ్గర ఏదో 'టక్' మంది. అంతవరకూ లేని వైపు నుంచి చలిగాలి మెడ మీదికి వచ్చింది.

టిక్... టిక్... టిక్...

ఎవరో గోటితో ఇనుము మీద కొడుతున్నారు. నిదానంగా, ఓపిగ్గా, తలుపు తీసేదాకా కొట్టేవాళ్ళలా. అక్సా చప్పుడు వచ్చిన వైపు చెవి ఒగ్గింది. వెంటనే ఒక ఆలోచన వచ్చి కాస్త ధైర్యం చెప్పింది... సార్‌కి గోరు లేదు కదా.

"మేడమ్... ఇంటన్నారా..." గుమ్మంలోంచి గుసగుస.

"వింటున్నాను. మాట్లాడకు."

బట్ట ఈడ్చిన చప్పుడు. కొంచెం ఆగి మళ్ళీ. తర్వాత ఏదో మెత్తగా వచ్చి బీరువాకి అతుక్కుంది. అంతే, మెషిన్ లోపల నుంచి సన్నగా మొదలైంది... పెరిగింది... ఇంకా పెరిగింది... చెవులు మూసుకున్నా పళ్ళల్లోంచి వినిపించేంతగా ఊళ పెట్టింది.

ఆ ఊళ మధ్యలో, ఆ చీకట్లో, కుడి బీరువా నడుమ ఒక కన్ను తెరుచుకుంది.

ఎర్రగా. నివురు కింద నిప్పులా. మూసుకుని... తెరుచుకుని... మూసుకుని... తెరుచుకుని.

"యా అల్లా... కన్ను మేడమ్... కన్నెట్టి సూత్తంది..." సిరాజ్ కళ్ళు గట్టిగా మూసేసుకుని దువా చదువుకోవడం మొదలెట్టాడు.

పై ప్రాణం పైనే పోయిందని అక్సా నాతో ఒప్పుకుంది. కానీ ఇంకాసేపు అలాగే ఉంటే మెషిన్ ఆగిపోతుంది. తూకం ఆగిపోతుంది. గుమ్మంలో కళ్ళు మూసుకుని వణుకుతున్న ఆ మనిషి ఉద్యోగం పోతుంది. ఆ ఒక్క సంగతే ఆమెని లేపింది. చీకట్లోకి చెయ్యి చాచింది.

చేతికి కాగితం తగిలింది.

నున్నటి, మందపాటి కాగితం. మెషిన్ ముఖానికి అతుక్కుపోయి ఉంది. పట్టుకుని లాగింది. ఊళ ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. మెల్లగా మామూలు చప్పుడైపోయింది.

అక్సా ఫోన్ వెలిగించి చూసింది. చేతిలో మేరీమాత కేలండరు.

నవ్వు ఆపుకోలేకపోయిందట.

"భాయ్, కళ్ళు తెరు. దెయ్యాన్ని పట్టుకున్నాను."

"తెరవను. మీరే సెప్పండి."

చెప్పింది. గదిలో రెండు ఏసీలు ఉన్నాయి. వంతులేసుకుని పనిచేస్తాయి, పగలు ఒకటి, రాత్రి ఒకటి. రాత్రిది మొదలవగానే గాలి ఎడమవైపు నుంచి కొడుతుంది. ఆ గాలికి కేలండరు జరిగి జరిగి వచ్చి మెషిన్ ముక్కు మూసేస్తోంది. ఊపిరాడక లోపలి ఫ్యాన్లు గిలగిలలాడి ఊళ పెడుతున్నాయి. వేడి భరించలేక మెషిన్ తనంతట తనే పడుకుంటోంది.

"మరి ఆ టిక్కు టిక్కు?"

"మీ అమ్మగారి తాయెత్తు. అదే గాలికి ఊగి ఇనుముకి కొట్టుకుంటోంది."

సిరాజ్ కళ్ళు మూసుకునే తల దించుకున్నాడు. "మా అమ్మీకి మాత్రం ఈ ముక్క సెప్పకండి మేడమ్. పాపం, నడుం నొప్పితో కొండెక్కింది."

"మరి కన్ను?" అన్నాడు మళ్ళీ.

ఆ కన్ను ఇంకా మిణుకుతూనే ఉంది. అక్సా ఏటీఎం కార్డు అంచు పెట్టి బొట్టు గోకడం మొదలెట్టింది. ఈ శనివారపు చందనం కింద కిందటి శనివారపుది. దాని కింద కుంకుమ. దాని కింద ఇంకా ముందటిది. ఏడాదికి ఒక్కరోజు అప్పన్న మీద చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు కదా... అలాగే, పొర మీద పొర ఒలిచాక, అడుగున ఆ మెషిన్ నిజరూపం కనిపించింది.

నారింజ దీపం.

దసరా నుంచీ పొరల కింద మసకగా వెలుగుతూనే ఉంది, వేడి మరీ ఎక్కినప్పుడు గట్టిగా మిణికి చందనంలోంచి ఎర్రగా కనబడుతోంది. ఒంట్లో బాగోలేదు, ఒంట్లో బాగోలేదు అని పగలూ రాత్రీ చెబుతూనే ఉంది. లోపల ఫ్యాన్లలో ఒకటి చచ్చిపోయి ఉంది. మిగతావి దాని పని కూడా నెత్తిన వేసుకుని లాక్కొస్తున్నాయి. రాత్రి ఏసీ గాలి పక్కనుంచి కొట్టి మెషిన్ ముఖానికి సరిగ్గా అందదు కాబట్టి, కేలండరు రాకముందే రాత్రిళ్ళు వాటి వల్ల కాలేదు. గుమ్మంలో గవర్రాజు గారు లేని దసరా అది. బొట్టు సరిగ్గా కంటి మీద పడింది. చూసేవాళ్ళు లేక, చెప్పేది వినపడక, అందరూ కలిసి దాని నోటికి ఇంకా ఇంకా చందనం పూశారు. కాపలా పెట్టినవే దెయ్యాలైపోయాయి.

అక్సాకి నవ్వు పోయి దిగులు వేసింది. సార్ ఉంటే ఒక్క చూపులో తేల్చేసేవారని అనుకుంది.

ఇక పని. కొత్త ఫ్యాను సంచీలో ఉంది. ఫ్యాను మార్చాలంటే మెషిన్‌ని బీరువాలోంచి బయటికి లాగాలి. లాగాలంటే వెనక ఉన్న తీగలు పీకాలి. ఎడమ బీరువాలో సరిగ్గా అదే ఎత్తులో దీనికి జత మెషిన్ ఉంది. తూకం పని మొత్తాన్ని దానికి అప్పజెప్పి, జబ్బు మెషిన్‌ని పడుకోబెట్టింది. గేటు దగ్గర లారీలు ఆగలేదు.

వెనక్కి వెళ్ళబోతూ, అలవాటుగా, నీలం మీట కోసం వేలు చాచింది. దాని మీద తడి బొట్టు. చెయ్యి వెయ్యనని మేనేజరు గారికి మాట ఇచ్చింది.

"పోనీలే... కుడిదే కదా" అనుకుంది.

బీరువాల వెనక మనిషి పక్కకి తిరిగి నడవాలి. అంత ఇరుకు. చీకటి, దుమ్ము, బొగ్గు పొడి, మర్రి ఊడల్లా తీగలు. ఫోన్ నోట్లో పట్టుకుని, కుడి బీరువా దగ్గర ఆగింది. నడిమి మెషిన్. కరెంటు తీగ పట్టుకుంది. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టుకుని కాలు గోడకి తన్నిపెట్టింది...

ఎడమపక్కన నీలంగా ఏదో వెలిగింది.

ఆగింది. మళ్ళీ వెలిగింది. గబగబా కొట్టుకుంటోంది... ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ... అన్నట్టు.

ఎడమ బీరువా. నడిమి మెషిన్. నీలం దీపం.

అక్సా చేతులు తీగ మీదే బిగుసుకుపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది... తను వెనకవైపు ఉంది. వెనక్కి వస్తే కుడిది ఎడమకి వెళుతుంది. తన రెండు చేతుల్లో ఉన్నది జబ్బు మెషిన్ తీగ కాదు. ఇప్పుడు తూకమంతా మోస్తున్న జత మెషిన్ తీగ. ఒక్క లాగు లాగి ఉంటే గేటు దగ్గర అన్నీ ఆగిపోయేవి. పొద్దున్నే మోహనకృష్ణ గారు సిరాజ్ పేరు రాసి పంపేసేవారు.

మెల్లగా, ఒక్కో వేలూ తీసి, ఆ తీగ వదిలేసింది.

"భాయ్... నీలం నువ్వు నొక్కావా?" నోట్లోంచి ఫోన్ తీసి అడిగింది.

"నాను గుమ్మంలోనే ఉన్నాను మేడమ్. కళ్ళు మూసే ఉన్నాను. ఏటి, మళ్ళీ ఏటైనా..."

"ఏం లేదు. మూసుకునే ఉండు."

ఆఫీసులో రాత్రి డ్యూటీ జాక్సన్‌ది. దూరం నుంచి కూడా ఆ దీపం వెలిగించే వీలుంది. జాక్సనే వెలిగించి ఉంటాడని సరిపెట్టుకుంది. దేవుడా, వాడు చల్లగా ఉండాలి అనుకుని, ఎడమవైపు తీగ పీకింది. మెషిన్ లాగింది. ఫ్యాను మార్చింది. తెల్లవారేసరికి నడిమి మెషిన్‌కి పచ్చదీపం వెలిగింది. పక్కన నీలం మాత్రం ఇంకా మిణుకుతూనే ఉంది.

అప్పుడు జాక్సన్‌కి ఫోన్ చేసింది.

"నానా?" అన్నాడు జాక్సన్ ఆవలిస్తూ. "ఆ గదికి బయట్నించి లైన్ ఇచ్చినారేటి మనకి? ఆల్లు ఇవ్వనేదు కదా. ఇక్కణ్ణించి నాను ఏటి ముట్టుకోగలను?"

అక్సా ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చుందట.

ఇంతలో మోహనకృష్ణ గారు వచ్చారు. రాత్రంతా తూకం ఆగలేదని గేటు వాళ్ళు చెప్పడంతో ముఖం వెలిగిపోతోంది. నేరుగా వెళ్ళి మెషిన్‌కి దండం పెట్టుకోబోయి, ఆగిపోయారు.

"నా బొట్టు మీద వేలెట్టిందెవరు?"

కుడి చివర, మందంగా పెట్టడంతో ఇంకా తడి ఆరని చందనం మధ్యలో, మీట మీద, ఒక గుంట. ఎవరో గట్టిగా నొక్కినట్టు.

"సిరాజ్. లోపలికి రావద్దన్నాను కదా నిన్ను? ఎందుకు ముట్టుకున్నావు?"

"అల్లా మీద ఒట్టు సార్. నాను గుమ్మం దాటనేదు."

"అబద్ధం ఆడితే ఉద్యోగం ఉండదు. చెయ్యి ఇలా పట్టుకురా."

అలా సిరాజ్ మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టాడు. మేనేజరు గారు వాడి చూపుడువేలు పట్టుకుని గుంట పక్కనున్న చందనం మీద నొక్కారు. పైన చిన్న చంద్రవంకలా గోటి గీత పడింది. అక్సా అడగకుండానే తన వేలు కూడా నొక్కి చూపించింది. ఆమెదీ అంతే, ఇంకా పొడుగ్గా పడింది గోరు.

మధ్యలో ఉన్న గుంటకి గీత లేదు. గుండ్రంగా, నున్నగా ఉంది. మొండిగా.

మోహనకృష్ణ గారు గవర్రాజు గారితో కలిసి ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆ గుంట వైపు చూస్తూ చూస్తూ సిరాజ్ చెయ్యి వదిలేశారు. ఆఖరికి కండువాతో ముఖం తుడుచుకుని, ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నారు.

"సిరాజ్... నువ్వు రాత్రికి వచ్చెయ్యి. బేగి వచ్చెయ్యి. నువ్వు లేకపోతే కుదరదు."

సిరాజ్ ఉద్యోగం అలా నిలబడింది. కేలండరు రత్నమణి గారి బల్ల పైకి వెళ్ళింది, తాయెత్తు గేటుకి ఎక్కింది. మేనేజరు గారు ఇప్పుడు బొట్టు బీరువా నెత్తిన పెడుతున్నారు. ఆ నీలం మీట మీద చందనాన్ని మాత్రం తుడవరు, దాని మీద ఇంకోటి పెట్టరు. అది ఎండి గట్టిపడి అలాగే ఉంది.

నేను దెయ్యాల్ని నమ్మను. జాక్సన్ సరదాకి అబద్ధమాడి ఉండొచ్చు. సిరాజ్ భయంతో లోపలికి పరిగెత్తి, ఏదో నొక్కి, మళ్ళీ బయటికి వచ్చి మర్చిపోయి ఉండొచ్చు. అక్సా మోచెయ్యి తగిలి ఉండొచ్చు. మోచేతికి కూడా గోరుండదు కదా. ఇవన్నీ షాపులో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను.

మొన్న సిరాజ్‌కి ఆడపిల్ల పుట్టింది. షిరీన్ అని పేరు పెట్టారు. మిఠాయి పంచుతూ నన్ను గోడౌనులోకి పిలిచాడు. ఆ వంకన, మిట్టమధ్యాహ్నం, నేనూ ఆ గదిలోకి వెళ్ళాను. పచ్చదీపాలు బుద్ధిగా వెలుగుతున్నాయి. చోద్యం చూద్దామని ఆ ఎండిన చందనం గుంటలో నా చూపుడువేలు ఆనించాను. నొక్కలేదు, ఆనించానంతే.

లోపలికి పట్టలేదు. గోరు అడ్డొచ్చింది.